ముద్ర పడని పదిహేడు కాగితాలు

నేను ఒకే ఒక్క మాట నేర్చిన రబ్బరు ముద్రను. 'కంప్యూటర్‌లో ఎక్కించడమైనది' అన్నదే ఆ మాట. నా జీవితంలో దాన్ని పద్నాలుగు వేల సార్లకు పైగా చెప్పాను. ఎంత చిన్న మాటైనా అన్నిసార్లు చెప్పాక దాని మీద కొంత అనుమానం పుడుతుంది. నాకు ఆ అనుమానం ఎలా పుట్టిందో చెబుతాను.

నేను పుట్టింది కనిగిరి బస్టాండు ఎదురుగా, ఖాదర్ బాషా గారి కొట్లో. ఒక పక్క జెరాక్సు కొట్టు, ఇంకో పక్క చెప్పుల కొట్టు, మధ్యలో నాలుగడుగుల సందు లాంటిది ఆయన కొట్టు. నలభై ఏళ్ళుగా హెడ్మాస్టర్లకు, సర్పంచులకు, నోటరీలకు ముద్రలు చేసిన మనిషి. మా జాతికి ఒంటిమీద అక్షరాలు తిరగేసి ఉంటాయి. వాటిని దిద్దీ దిద్దీ ఆయనకు తిరగేసిన తెలుగే సులువైపోయింది. పేపరు కూడా అద్దంలో చూసి చదువుతాడని చెప్పుల కొట్టాయన ఆటపట్టించేవాడు.

నన్ను చేయించడానికి వచ్చింది చింతగుంట్ల ఆసుపత్రి పెద్ద డాక్టరు హైమవతి గారు. యాభై దాటిన మనిషి. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్ను గుచ్చుకుని ఉంటారు. ఆ పెన్ను కోసమే రోజుకు నాలుగుసార్లు బల్లంతా వెతుకుతారు.

"ఎన్ని చెయ్యమంటారమ్మా?" అన్నారు బాషా గారు.

"ఒక్కటి చాలు."

"జాగర్తగా వాడుకుంటే పదేళ్ళు వస్తాది."

"ఆర్నెల్లు వస్తే చాలు బాషా గారూ. ఉగాదికల్లా మా పాత కాగితాలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. ఆ తరవాత దీంతో పనుండదు."

ఆయన కళ్ళద్దాల మీదుగా చూశారు. "పుట్టకముందే రిటైర్మెంటు తేదీ చెప్తుండారే దీనికి!" అని నవ్వారు. ఆ నవ్వులో రబ్బరు అతికించేటప్పుడు నా పై వరుస వెంట్రుకవాసి లోపలికి దిగింది. దాంతో నా మాటలో 'కంప్యూటర్‌లో' అన్న ముక్క ఎప్పుడూ పల్చగా, ఉందా లేదా అన్నట్టు పడుతుంది. 'ఎక్కించడమైనది' మాత్రం ఊదారంగులో దిట్టంగా పడుతుంది.

చింతగుంట్లది ముప్పై మంచాల ఆసుపత్రి. ఒక ట్రస్టు నడుపుతుంది. చుట్టూ పొగాకు చేలు, కంది చేలు, రాళ్ళు. పెద్ద జబ్బయితే ఒంగోలు పోవాలి, బస్సులో రెండు గంటల పైమాటే. ఆ ఆసుపత్రిలో నాకు చోటు దొరికింది రికార్డు గదిలో, అంకయ్య గారి బల్ల మీద.

అంకయ్య గారు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గదిని చూసుకుంటున్నారు. కాగితాలను ఆయన పేర్ల వరుసలో పెట్టలేదు, నంబర్ల వరుసలోనూ పెట్టలేదు. ఊరికొక కట్ట. కట్టలో వీధుల వరుస, వీధిలో ఇళ్ళ వరుస. రోగి వచ్చి పేరు చెబితే ఆయన వినిపించుకోరు. "పేరు సరేలేమ్మా, ఎవురి పక్కిల్లు?" అని అడుగుతారు. చేతిపంపు పక్కిల్లు అనో, పిండిమర ఎనకిల్లు అనో చెబితే అర నిమిషంలో కాగితం చేతిలో పెడతారు. ఎవరైనా కాపురం మార్చితే వాళ్ళ కాగితం కూడా ఆ రోజే కాపురం మారుతుంది. అన్నదమ్ములు వేరుపడితే ఆయనకు ఊళ్ళోవాళ్ళ కంటే ముందే తెలిసేది.

ఈ పద్ధతిలో ఒకే లోటు, అది అంకయ్య గారితో పాటు పెళ్ళిళ్ళకు వెళ్ళిపోతుంది. నేను పుట్టడానికి ముందు శ్రావణంలో ఆయన మేనకోడలి పెళ్ళికి వెళ్ళిన రోజే ఛాతీ నొప్పితో ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. అతనికి ఏ మందులు నడుస్తున్నాయో తెలియాలి. నలుగురు కలిసి నలభై నిమిషాలు వెతికినా కాగితం దొరకలేదు. మేస్త్రీ బతికాడు. కాని ఆ నలభై నిమిషాలు హైమవతి గారి మనసులోంచి పోలేదు.

"అంకయ్య గారూ, ఈ ఆసుపత్రి మొత్తం మీ తలకాయలో ఉంది. మీకు జ్వరమొస్తే దీనికీ జ్వరమే. తప్పు మీది కాదు, మీ ఒక్కరి మీద పెట్టి కూర్చున్న మాది" అన్నారు ఆవిడ.

అంకయ్య గారు కట్టల వైపు చూశారు. "నా తలకాయ మాత్రం ఎన్నాళ్ళుంటాది లెండి మేడం. దింపుకోండి" అన్నారు. అంత పెద్ద మాటను అంత చిన్నగా అన్నారని తరువాత విన్నప్పుడు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ట్రస్టు వాళ్ళు మూడు కంప్యూటర్లు పంపారు. ఉగాదిలోగా పాత కాగితాలన్నీ ఎక్కిస్తే సరి, లేకపోతే వాటిని ఇంకో ఆసుపత్రికి తరలిస్తామన్నారు. హైమవతి గారు సరేనని సంతకం పెట్టి వచ్చారు.

ఇక టైపు చేసే మనిషి కావాలి. ఆ పనికి వచ్చిన ఇందుమతి గారు ఇరవై రెండేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, నేర్చుకునేవాళ్ళు లేక మూసేసిన మనిషి. మూసేసిన రోజున మిషన్లన్నీ పాత ఇనుముకు వెళుతుంటే ఒక్కొక్కదాని మీదా గుడ్డ కప్పి పంపిందట. కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునేది. కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. మధ్యలో ఎవరైనా సలహా చెబితే ఒకటే జవాబు.

"నేను ఉన్నది ఉన్నట్టు కొడతానండీ. నా సొంతం ఒక్క అక్షరం ఉండదు."

అయితే డాక్టర్ల ఇంగ్లీషు రాత చదవడం తన వల్ల కాదని మొదటిరోజే చెప్పేసింది. దాంతో పని పంచుకున్నారు. నర్సులు తెలుగులో రాసినవి ఇందుమతి గారివి. డాక్టర్లు రాసినవి హైమవతి గారే ఆదివారాలు కూర్చుని కొట్టుకుంటారు. పాత డాక్టర్ల రాత ముందు ఆవిడ కూడా కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "ఈయన రోగాలు కుదిర్చాడో లేదో గాని, ఈ రాత మాత్రం ఒక రోగమే" అని నిట్టూర్చేవారు. ఇద్దరి పనీ అయ్యాక కాగితం అంకయ్య గారి దగ్గరకు వచ్చేది. ఆయన నన్ను ఎత్తి, నోటి దగ్గర పెట్టుకుని, 'హా' అని ఒక్కసారి ఊపిరి వదిలి, కుడివైపు పై మూలన దించేవారు. ఇంకు ఎండకుండా అలా చేస్తారు. కాని ప్రతి కాగితం మీదా నేను పడేముందు ఒక మనిషి వెచ్చని ఊపిరి నా మీద పడేది. ముద్రల్లో అందరికీ దొరికే భాగ్యం కాదిది.

పని మొదలైన నెలకు తిరుపాలు అనే ముసలాయన తగాదా పెట్టుకున్నాడు. రికార్డు గదిలోంచి డాక్టరు గదికి తన కాగితం తానే తీసుకెళుతూ, దారిలో ఎవరిచేతనో నా మాట చదివించుకున్నాడు. వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏందయ్యా అంకయ్యా! ఎక్కించినట్టు ముద్దరేస్తివే, నాకెప్పుడు ఎక్కించినారయ్యా బాటిలు? రెండు నెల్లనుంచి నీరసమని మొత్తుకుంటా ఉంటే ఒక్క బొట్టు ఎక్కించలా. పైగా అయిపోయినట్టు దొంగ ముద్దరలా?"

"ఎక్కించింది నీకు గాదు తిరుపాలూ, నీ కాయితాన్ని."

"నా కాయితానికేం నీరసమొచ్చిందయ్యా?"

వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అంకయ్య గారు కంప్యూటరు చూపించి, కాగితంలో ఉన్నదంతా దీంట్లోకి ఎక్కించామని చెప్పారు. తిరుపాలు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత కరెంటు తాగేదానికి మళ్ళీ ఎక్కించేది గూడానా?" అని వెళ్ళిపోయాడు. హైమవతి గారు ఆయన్ను కూర్చోబెట్టి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ గ్లాసు చేతికిచ్చారు. అది తాగేదేగాని ఎక్కించేది కాదు కదా అని ఆయన సణుక్కుంటూనే తాగాడు.

మేమంతా నవ్వి వదిలేశాం. ఒక మాట ఇద్దరికి రెండు రకాలుగా అర్థమైనప్పుడు నవ్వు వస్తుంది, నిజమే. అది ఎప్పుడూ నవ్వుతోనే పోతుందని అనుకోవడం మా పొరపాటు.

సంక్రాంతి దాటిన రెండు వారాలకు ఒక ఉదయం హైమవతి గారు ఒక కాగితం పట్టుకుని ఉత్సాహంగా రికార్డు గదిలోకి వచ్చారు.

"చూశారా అంకయ్య గారూ! ఇవ్వాల్సిన ఇంజక్షను ఇవ్వకుండా మిగిలిపోయినవాళ్ళు పదిహేడు మంది. కంప్యూటరు ఒక్క నిమిషంలో తీసిచ్చింది. ఎన్నేళ్ళుగా మన కంటికి కనపడలేదో! పాపం, వీళ్ళందరికీ ఫోన్లు చేసి పిలిపిద్దాం."

అంకయ్య గారు జాబితా చదివారు. "సలోమమ్మ పదిహేడు మందికి మర్చిపోయే మనిషి గాదే" అని పెదవుల్లోనే అనుకున్నారు. పైకి అనలేదు. ట్రస్టు వాళ్ళకు చూపించుకోవడానికి ఆవిడకు దొరికిన మొదటి మంచి ఫలితం అది. ఆ ముఖంలో సంతోషం చూసి ఆయనకు నోరు రాలేదు.

సలోమి సిస్టరు ఆ ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు హెడ్ నర్సుగా చేసి, రెండేళ్ళ కిందట రిటైరైంది. డాక్టర్లు ఇంగ్లీషులో రాసుకుంటే ఆవిడ కింద మూలన, తోటి నర్సుల కోసం, పెన్సిల్‌తో తెలుగులో ఒక ముక్క రాసేది. ఎవరికైనా ఏదైనా ఇంజక్షను ఒంటికి సరిపడక దద్దుర్లు రావడమో ఊపిరాడకపోవడమో జరిగితే, 'ఇంజక్షన్ పడలేదు' అని రాసేది. మళ్ళీ ఇవ్వవద్దని దాని అర్థం. అక్కడ పనిచేసినవాళ్ళందరికీ అది తెలుసు. అయితే మందు అయిపోయి ఇంజక్షను వేయకుండా పంపిన రోజున కూడా ఆవిడ 'ఇంజక్షన్ పడలేదు' అనే రాసింది. ఏది ఏదో ఆవిడకు తెలుసు. ఏ ఇంట్లోనైనా అలాగే అంటాం మరి. కంప్యూటర్లో మాత్రం ఉన్నది ఒకటే గడి. 'ఇంజక్షన్ ఇచ్చారా? అవును, కాదు.' ఇందుమతి గారు పడలేదు అని ఉన్నచోటల్లా 'కాదు' నొక్కింది. ఉన్నది ఉన్నట్టే కొట్టింది.

ఇవన్నీ నాకు తరువాత తెలిసినవి. ఆ రోజు నాకు తెలిసిందల్లా, హైమవతి గారి వంతు ఇంకా మిగిలి ఉన్న ఆ పదిహేడు కాగితాల మీదా నన్ను వేయకుండా విడిగా కట్టకట్టడం. మిగిలిన ఇంజక్షను ఇచ్చాక, ఆ సంగతి కూడా ఎక్కించి, అప్పుడు ముద్ర వేయాలని నిర్ణయం.

ఆ పదిహేడు మందిలో మొదట వచ్చింది వెంగమ్మ. గొల్లపాలెంలో చేతిపంపు పక్కింటి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. పొగాకు ఆకులు రకాలుగా ఏరే గ్రేడింగు కూలికి పోతుంది. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. అలాంటివాళ్ళకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షను వేస్తారు. ఆమె తొమ్మిదేళ్ళ నుంచి దానికి బదులు మాత్రలు తీసుకుంటోంది. ఆ మాత్రల సంగతి ఆమె ఇంట్లో ఉండే చిన్న కార్డు మీదే ఉంది. కాగితంలో డాక్టరు రాసిన పేజీ ఒక తుఫానులో గది కురిసినప్పుడు తడిసి, ఇంకంతా నీలం మరకై పోయింది. సలోమి సిస్టరు పెన్సిలు ముక్క మాత్రం నీళ్ళకు చెరగలేదు. 'పెన్సిలిన్ ఇంజక్షన్ పడలేదు.'

ఇంజక్షన్ల గదిలో సిస్టరు పేరు ప్రశాంతి. కాకినాడ వైపు నుంచి కొత్తగా వచ్చింది. బల్ల మీద ఒక ట్రేలో సిరంజి, చిన్న సీసా. ట్రే పక్కన వెంగమ్మ కాగితం, కాగితం పక్కన ఇంకు ప్యాడు, ప్యాడు మీద నేను. తలుపు దగ్గర అంకయ్య గారు. ఇంజక్షను అవగానే ముద్ర వేసి కాగితం తీసుకుపోదామని నిలబడి ఉన్నారు. సూది, నేను, ఇద్దరం ఒకే మనిషి కోసం ఎదురు చూస్తున్నాం.

"ముందు కొంచెం చేతి మీద వేసి చూస్తానమ్మా. ఇదివరకెప్పుడైనా ఈ ఇంజక్షను పడిందా నీకు?" అంది ప్రశాంతి.

"పడలేదు సిస్టరమ్మా."

"అందుకే కదా పిలిచారు. చెయ్యి చాపు."

వెంగమ్మ చెయ్యి చాపింది. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, కంప్యూటరు చెప్పిందట, పెద్ద డాక్టరమ్మ రమ్మందట. ఇంతమంది చెప్పాక పడనిది పడేట్టు ఏదో కొత్త మందు వచ్చి ఉంటుందని ఆమె అనుకుంది. మనుషులు తమకు తెలిసిన సంగతిని ఎంత మర్యాదగా దాచుకుంటారో ఆ రోజు చూశాను. స్టూలు మీద కూర్చుని, గోడ వైపు చూసి, కొంచెం జరిగి, మొహమాటపడుతూ అడిగింది.

"సిస్టరమ్మా, ఈసారి మంచం మింద పడుకోబెట్టి ఏస్తారా? పోయినసారి స్టూలు మింద నించి కిందపడితి. ఇదో, తల ఈడ పగిలింది."

సూది గాలిలో ఆగింది.

"పోయినసారా? పడలేదన్నావు కదమ్మా ఇప్పుడే!"

"పడలేదనే గదా నేను చెప్తాండేది. అది పడకనే గదమ్మా, నేను పడిపోయింది!"

ప్రశాంతి సిరంజిని ట్రేలో పెట్టింది. అది లోహం మీద చిన్నగా చప్పుడు చేసింది. వెంగమ్మ ముంజేయి మీద దూదితో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. అంకయ్య గారు వచ్చి ముందు నన్ను తీసి జేబులో వేసుకున్నారు. ఎందుకో తెలియదు. పొరపాటున కూడా నేను ఆ కాగితం మీద పడకూడదని అనిపించి ఉంటుంది.

"లెయ్యమ్మా ఎంగమ్మా, లేచి బయట బెంచీ మింద కూర్చో" అన్నారు.

"ఏసేది లేదా మామా? కూలి పోగొట్టుకుని వచ్చినా."

"లేదు తల్లీ. నీకెవురూ వెయ్యరింక."

హైమవతి గారు పరుగున వచ్చారు. విన్నారు. మిగిలిన పదహారు మందిలో ఫోను కలిసినవాళ్ళందరికీ వెంటనే రావద్దని చెప్పించారు. అప్పటికే బస్సెక్కిన ఇద్దరి కోసం గేటు దగ్గర వాచ్‌మన్‌ను నిలబెట్టారు. తరువాత తన గదిలోకి పోయి తలుపు వేసుకుని పది నిమిషాల తరువాత బయటకు వచ్చారు. బయటకు వచ్చినప్పుడు కళ్ళు కడుక్కున్న తడి ఉంది, కొప్పులో పెన్ను లేదు.

సలోమి సిస్టరును పిలుచుకు వచ్చారు. చర్చి వెనక వీధిలో కోళ్ళు పెంచుకుంటూ ఉంటుంది ఆవిడ. చీర అంచుకు నూక గింజలు అంటుకునే ఉన్నాయి. పదిహేడు కాగితాలూ బల్ల మీద పరిస్తే ఒక్కొక్కటే చూసింది.

"ఇది ఒంటికి పడలా. ఇదీ అంతే, పెదాలు వాచినాయి ఈయనకి. ఇది మందు లేక ఏయలా. ఇది..." అలా పదిహేను చెప్పింది. రెండింటి దగ్గర ఆగిపోయింది. "ఈ రెండూ నాకు గుర్తు రాట్లేదు మేడం." ఎవరినీ చూడకుండా అంది. "నాది తప్పేనండీ. ఒకే మాట రెండిటికీ రాసినా. నా తరవాత ఎవురు చదువుతారో అనుకోలా."

"నేనూ అనుకోలేదు సలోమి గారూ. అసలు అనుకోవలసింది నేను" అన్నారు హైమవతి గారు.

ఇందుమతి గారు లేచింది. కంప్యూటరు ఆపింది, కీబోర్డు మీద గుడ్డ కప్పింది, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు రాజీనామా కాగితం పట్టుకుని వచ్చింది. ఒక్క తప్పు లేకుండా టైపు చేసి ఉంది.

"నా చేత్తో ఒక మనిషిని చంపబోయానండీ."

"మీరొక్కరే అయితే తీసుకునేదాన్ని" అన్నారు హైమవతి గారు. "పిలిపించింది నేను. అనుమానం వచ్చీ నోరు మూసుకున్నానని అంకయ్య గారే ఒప్పుకున్నారు. ముగ్గురం రాజీనామా చేస్తే ఆ కాగితాలు ఎవరు చదువుతారు? ముందు ఒక్క సంగతి చెప్పండి. పడలేదు అన్న మాట ఇంకా ఎన్ని కాగితాల్లో ఉంది?"

ఇందుమతి గారు అలవాటుగా కుర్చీలో కూర్చుంది. వీపు ఆనించలేదు. మీటలు నొక్కింది. రెండు వందల పన్నెండు. ఊళ్ళతో, పేర్లతో, వరుసగా. ఒక దగ్గు దగ్గేలోపు వచ్చేశాయి.

అంకయ్య గారు తెర మీదకు వంగి చూశారు. ఇవే కట్టల్లో వెతకాలంటే ఆయనకు ఏడాది పట్టేది. మాట అర్థం తెలియని ఆ పెట్టె, ఆ మాట ఎక్కడెక్కడ దాక్కుందో మాత్రం ఒక్కటీ వదలకుండా చెప్పింది. "దీనికి చదువు లేదు గాని కళ్ళు మంచియ్యే" అన్నారు ఆయన. ఇందుమతి గారు ఆ మాటకు నవ్వలేదు గాని, రాజీనామా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. కాగితం ఎక్కించగానే నన్ను వేయకూడదు. మనిషి వచ్చి, వరండా బెంచీ మీద కూర్చుని, తన గురించి రాసింది గట్టిగా చదివించుకుని, అవునని చెప్పాలి. అప్పుడు నేను పడాలి. చదివేది ఇందుమతి గారే. ఇన్‌స్టిట్యూట్‌లో డిక్టేషన్ చెప్పిన గొంతు, ప్రతి అక్షరం విడివిడిగా వినపడేది. వినేవాళ్ళు ఊరికే వినేవాళ్ళా! ఒకాయన తన వయసు డెబ్బై అని రాస్తే పెళ్ళాం ముందు అరవై చేయమని పోట్లాడాడు. ఒకామె తన అత్తగారి జబ్బు కూడా తన కాగితంలోనే ఎక్కించమంది, ఆమెకు వేరే కాగితం దేనికని. అలా నవ్వుకుంటూనే పదకొండు చోట్ల మందుల తప్పులు దొరికాయి. వాటిని కంప్యూటరు కనిపెట్టలేదు, డాక్టరూ కనిపెట్టలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళే కనిపెట్టారు.

సలోమి సిస్టరుకు గుర్తురాని ఆ రెండు కాగితాల్లో ఒకదాని మనిషి చనిపోయాడు. రెండోవాడు ఊరు వదిలి ఎటో పోయాడు. వాళ్ళ గడిలో ఏం నొక్కాలి? కంప్యూటర్లో ఆ గడులు తయారుచేసిన కంపెనీ మనిషి ఫోనులో అవునో కాదో ఏదో ఒకటి నొక్కేయమన్నాడు. మూడో మాట పెట్టమని హైమవతి గారు అడిగారు.

"తెలియదు అని పెట్టడం కుదరదు మేడం. మా సిస్టంలో ఎక్కడా అలా లేదు."

"కాదు అని ఉంటే సూది పడుతుంది బాబూ. తెలియదు అని ఉంటే ఆగుతుంది. ఆ మనిషి రేపు తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంటే ఏది కావాలో మీరే చెప్పండి."

వారానికి ఆ మూడో మాట వచ్చింది. ఇలాంటి ఆసుపత్రులు ఇంకా చాలా వాడే సిస్టం అది. అక్కడివాళ్ళకు ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వెంగమ్మ పేరు వాళ్ళు విననే లేదు.

ఉగాది వచ్చింది, పోయింది. పని సగమే అయింది. జరిగినదంతా దాచకుండా రాసి, ఇంకో ఆరు నెలలు కావాలని హైమవతి గారు ట్రస్టుకు ఉత్తరం పంపారు. కంప్యూటర్లు పోతాయనే అందరం అనుకున్నాం. నాలుగు నెలలు ఇస్తాం, అంతకు మించి ఒక్కరోజు ఇవ్వం అని రెండు ముక్కల జవాబు వచ్చింది. ఆ రెండు ముక్కలనూ ఆవిడ చాలాసార్లు చదువుకున్నారు.

ఇప్పుడు నేను ఇంకు ఎండిపోయి, అంకయ్య గారి సొరుగులో దారపు ఉండల మధ్య ఉన్నాను. రబ్బరు అంచులు పగిలాయి. నా మాటలో పై వరుస పూర్తిగా పోయింది. చేయగలిగిన పని లేదు. తలుచుకోవడానికి మాత్రం ఒక ఉదయం ఉంది.

గ్రేడింగు ముగిశాక వెంగమ్మ వచ్చింది. పదిహేడు కాగితాల కట్టలో మొదటిది, మనిషి రాలేని ఆ రెండూ పోను ముద్ర లేకుండా ఆఖరున మిగిలింది ఆమెదే. బెంచీ మీద కూర్చుంది. ఇందుమతి గారు ఎదురుగా కూర్చుని కాగితం తీసింది. ప్రతి అక్షరం విడివిడిగా చదివింది.

"గొల్లపాలెం వెంగమ్మ. ఈమె ఒంటికి పెన్సిలిన్ ఇంజక్షన్ సరిపడదు. తొమ్మిదేళ్ళ కిందట ఇచ్చినప్పుడు స్పృహ తప్పి పడిపోయింది. ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. మాత్రలే ఇవ్వాలి."

వెంగమ్మ కళ్ళు మూసుకుని వింది. "ఇంకోసారి చదువక్కా" అంది.

ఇందుమతి గారు ఇంకోసారి చదివింది.

"సరిపోయింది. నా గురించి ఎవురూ ఇంత పొడుగు రాయలా ఎప్పుడూ" అని వెంగమ్మ నవ్వింది. అంకయ్య గారు నన్ను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మామా, నేనెయ్యనా?"

అంకయ్య గారు నా మీద ఊపిరి వదిలి ఆమె చేతికిచ్చారు. పొగాకు ఆకులతో గరుకుదేలిన వేళ్ళు. ఇన్నేళ్ళూ ఎక్కడ అడిగినా బొటనవేలే ముద్రగా వేసిన చెయ్యి. చాలా జాగ్రత్తగా, మూలన కాకుండా కాగితం నడిమధ్యన నన్ను దించి, బలమంతా పెట్టి నొక్కింది. తీసి చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో, తలకిందులుగా పడిందే!"

అందరం ఇందుమతి గారి వైపు చూశాం. ఒక్క అక్షరం పక్కకు పోతే పేజీ మొత్తం చింపించిన మనిషి. ఆవిడ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. చింపలేదు. ఇంకో ముద్ర వేయమనలేదు. ఇంకు తడి ఆరేదాకా పైటకొంగుతో నెమ్మదిగా విసిరింది. తరువాత తానే లేచి రికార్డు గదిలోకి వెళ్ళి, ఎవరినీ అడగకుండా, గొల్లపాలెం కట్టలో చేతిపంపు పక్కింటి చోటు చూసి పెట్టి వచ్చింది.